ఆసుపత్రి గడప తొక్కకుండానే డాక్టరు చదువా?

సంపాదకుల వారికి,

అయ్యా,

వైద్యవిద్యకు దరఖాస్తు చేసే ముందే పిల్లలు కొంతకాలం ఆసుపత్రుల్లో గడిపి అనుభవం సంపాదించుకోవాలని హితవు చెబుతూ పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ఒక వ్యాసం వచ్చింది. అందులోని మాట తప్పని ముప్పై ఏళ్లకు పైగా జీవశాస్త్రం పాఠాలు చెప్పిన నేను అనలేను. అయితే ఆ అనుభవం ఏ గుమ్మం దగ్గర దొరుకుతుందో వ్యాసకర్త రాయడం మరిచారు. ఈ వేసవిలో మా మనవణ్ణి వెంటబెట్టుకుని ఆ గుమ్మాలన్నీ ఎక్కి దిగాను కనుక ఆ లోటు నేను పూడుస్తున్నాను.

అమెరికాలో ఈ పద్ధతి ఉన్నమాట నిజమే. అక్కడి విద్యార్థులు సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ చదివి, ఎంక్యాట్ అనే వైద్య ప్రవేశ పరీక్ష రాసి, డాక్టర్ల వెంట ఉండి చూసిన గంటలూ, ఆసుపత్రుల్లో స్వచ్ఛందంగా సేవ చేసిన గంటలూ లెక్కగట్టి దరఖాస్తులో చూపిస్తారు. అందుకు అక్కడి ఆసుపత్రుల్లో ఏర్పాటు ఉంది. టీకాల కాగితాలు చూసి, రోగి సంగతి బయట చెప్పరాదని నేర్పి మరీ లోపలికి పంపుతారు. మన పదిహేడేళ్ల పిల్లవాణ్ణి మాత్రం నీట్ ప్రవేశ పరీక్షలో 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పు రాస్తే ఒక మార్కు కోత తప్ప ఇంకేమీ అడగరు. అందులో సగం ప్రశ్నలు జీవశాస్త్రానివే అయినా, వాటికి జవాబు గుర్తించడానికి జబ్బుపడిన మనిషిని ఒక్కసారి కూడా చూడనక్కరలేదు.

మేలో నీట్ రాశాక ఫలితాలు వచ్చేలోగా దొరికిన తీరికలో, వార్డులో కొన్నాళ్లు ఉండి చూస్తానని మా వాడే అడిగాడు. ఒక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాం, పేరు అనవసరం. గుమాస్తా అర్జీ రాయమన్నాడు, రాసిన అర్జీని, వచ్చిన కాగితాలకు నంబరు వేసే ఇన్‌వార్డులో ఇవ్వమన్నాడు, ఇన్‌వార్డులో దీనికి నంబరు వేయడం కుదరదన్నారు. మూడోసారి వెళ్తే ఇటువంటి వాటికి జీవో లేదని తేల్చారు. నాలుగోసారి అసలు అర్జీయే కనబడలేదు. పై అధికారులకు మరో అర్జీ పెట్టుకోగా, "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఫోనుకు సందేశం వచ్చింది. పరిష్కారం ఏమిటో ఈ రోజుకీ మాకు తెలియదు.

తరువాత ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో ఇంతకన్నా మర్యాద దొరికింది. నెల రోజులు సేవ చేసినట్టు సర్టిఫికెట్ ఇస్తామనీ, అబ్బాయి రానక్కరలేదనీ, రుసుము కట్టి నేను తీసుకుపోతే చాలనీ చెప్పారు. మన కౌన్సెలింగులో ఎవరూ అడగని కాగితానికే ఇంత ధర పలికితే, రేపు దాన్ని అడగడం మొదలుపెడితే ఏమవుతుందో వ్యాసకర్త ఊహించుకోవాలి. అందుకే దీన్ని నిబంధన చేయమనీ, దీనికి మార్కులు కలపమనీ నేను కోరడం లేదు.

చివరికి మా వాడికి అనుభవం దొరికింది. పత్తికొండ నుంచి మా బావమరిది జబ్బుపడి వచ్చి ఆసుపత్రిలో చేరితే, రోగి వెంట మనిషిగా తొమ్మిది రోజులున్నాడు. స్ట్రెచర్ తోసేవారు లేక తానే తోశాడు, రక్తం సీసాలు ల్యాబుకు మోశాడు, స్కానింగు వరుసలో నిలబడ్డాడు, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చదవలేని పక్క మంచం ముసలామెకు పొట్లాల మీద పొద్దునకు ఒక గీత, రాత్రికి రెండు గీతలు గీసి ఇచ్చాడు. దీనికి మాత్రం ఏ జీవో అవసరం రాలేదు.

2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక ప్రకారం ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలోనే విద్యార్థులకు రోగులను చూపిస్తున్నారు. మంచిదే. కానీ లాంగ్‌టర్మ్ కోచింగుకు పొలం అమ్మి, సీటు వచ్చాక, ఫీజు కట్టాక చూపిస్తే, ఈ పని తన వల్ల కాదని తెలుసుకున్న పిల్లవాడు ఏ ముఖంతో ఇంటికి వస్తాడు? కర్నూలులో వైద్య కళాశాల 1956 నుంచి ఉంది; అనంతపురంలోనూ, కడపలోనూ ఉన్నాయి. వేసవిలో ఒక్క నెల, ఇంటర్ బైపీసీ పూర్తిచేసిన పిల్లలను ఓపీ దగ్గర నిలబెట్టి, చదువురాని వారికి చీటీ రాసిపెట్టడానికీ, ఆలూరు నుంచో గద్వాల నుంచో వచ్చిన వారికి వార్డు దారి చూపడానికీ వాడుకుంటే ఎవరి సొమ్ము పోతుంది? రోగిని తాకనివ్వకండి, ఆపరేషన్ థియేటరు వైపు రానివ్వకండి, ఫోన్లు గేటు దగ్గరే పెట్టించండి, హెపటైటిస్-బి టీకా వేయించుకున్నాకే రమ్మనండి, ఒక హెడ్‌నర్సుకు అప్పగించండి. ఇంతకు మించి ఏర్పాటు అక్కరలేదు.

ఈ లేఖ అచ్చయితే దాని కత్తిరింపును ఆ ఇన్‌వార్డు బల్ల మీద పెట్టి వస్తాను. ఈసారైనా నంబరు వేస్తారేమో చూడాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కర్నూలు.