ఉపోద్ఘాతం ఆఖర్న రాసుకో

చిత్తూరు

పాపా,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది. ‘చిత్తూరు జిల్లా మామిడి రైతులు’ అని వ్యాసం ఇచ్చారనీ, పుస్తకాలన్నీ ముందేసుకున్నా మొదటి వాక్యమే కుదరడం లేదనీ అన్నావు. టెన్షన్ పడకు. ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు కాబట్టే అది కుదరడం లేదు.

ఆ టాపిక్‌ని ముందు ఒక ప్రశ్నగా మార్చుకో. బేనీషా, నీలం లాంటి మామిడి రకాలు, తెగుళ్లు, బోర్లు, కూలి రేట్లు అన్నీ పెట్టాలని చూస్తే ఏదీ నిలవదు. ‘కాపు బాగా వచ్చిన ఏడాదే తోతాపురి రైతు ఎందుకు నష్టపోతాడు?’ అని అడిగి చూడు. మన తోతాపురి ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. కాయంతా జూన్, జూలైలో ఒక్కసారే కోతకొస్తుంది. పాత గుజ్జు అమ్ముడుపోక మిగిలుంటే ఫ్యాక్టరీలు కొనడం తగ్గిస్తాయి. కోసిన కాయను మనం దాచుకోలేం. గేటు ముందు ట్రాక్టర్ల వరుసలో అడుగున ఉన్న కాయలు మెత్తబడి, ట్రాలీ సందుల్లోంచి రసం రోడ్డు మీదికి కారడం నువ్వూ చూశావు కదా! ఆ పరిస్థితిలో ఫ్యాక్టరీ వాళ్లు ఎంతంటే అంతకు రైతు ఇచ్చేస్తాడు. 2025లో కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని నిర్ణయించాల్సి వచ్చింది అందుకే.

ఫ్యాక్టరీ వాళ్ల మాట కూడా రాయి. ఎగుమతి ఆర్డర్లు తగ్గితే వాళ్ల డబ్బూ ఇరుక్కుపోతుంది. మనింటి బాధ అని మన పక్షమే రాస్తే చదివేవాళ్లు నమ్మరు.

ఇవాళ పుస్తకాలు మూసేసి, తెలిసింది తెలిసినట్టు ఒక కాగితం మీద పెట్టు. ఆ తర్వాత చదువు. ప్రశ్నకు పనికిరానిది ఎంత బాగున్నా వదిలెయ్. మిగిలినవాటికి వరుస నంబర్లు వేసుకుని, ట్రాక్టర్ల దగ్గర నుంచే మొదలుపెట్టు. ‘మన దేశం వ్యవసాయ ప్రధాన దేశం’ అని మాత్రం రాయకు తల్లీ, ఆ వాక్యం వరికైనా చెరకుకైనా సరిపోతుంది. ఉపోద్ఘాతం ఆఖర్న రాసుకోవచ్చు, అప్పటికి నువ్వేం చెప్పావో నీకే తెలిసుంటుంది.

మన కాయ కొన్న ర్యాంపు (కొనుగోలు కేంద్రం) వాళ్లిచ్చిన రసీదులు బీరువాలో ఉన్నాయి. తేదీ, ధర కనబడేట్టు ఫొటోలు తీసి రేపు పంపిస్తాను. ఒక పేజీ అవగానే, తప్పులున్నా సరే, నాకు ఫోన్లో చదివి వినిపించు. వేళకు తిను.

అమ్మ