ఎనిమిదేళ్ల జిమ్నాస్ట్‌కు వారానికి ఎన్ని గంటలు? క్రీడాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర క్రీడలు, యువజన సర్వీసుల శాఖ మంత్రి గారికి నమస్కారములు.

మా వంటింటి గోడ క్యాలెండరులో పాల ప్యాకెట్ల లెక్క రాయడం మా అత్తగారి నాటి నుంచి వస్తున్న అలవాటు. నిరుడు జూన్ నుంచి ఆ అంకెల పక్కనే ఇంకొక అంకె కూడా వేస్తూ వచ్చాను. అది మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఆ రోజు జిమ్నాస్టిక్స్ శిక్షణలో గడిపిన గంటల లెక్క. ఉదయం గంటన్నర, సాయంత్రం రెండున్నర గంటలు, వారానికి ఆరు రోజులు. మొత్తం 24 గంటలు. పాప వయసు 8 ఏళ్లు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం చాప మీద నుంచి చేతులు ఆనించి లేవబోయి, లేవలేక, మణికట్టు పట్టుకుని కూర్చుండిపోయింది. ఎముకల వైద్యుడు ఎక్స్‌రే చూసి, ముంజేతి ఎముక చివర ఎదుగుదల జరిగే గ్రోత్ ప్లేట్ అనే మెత్తని భాగం ఒత్తిడికి దెబ్బతిన్నదని, మూడు నెలల పాటు చేతుల మీద బరువు మోపకూడదని చెప్పారు. అది కిందపడి తగిలించుకున్న దెబ్బ కాదు, రోజూ కొద్దికొద్దిగా పేరుకున్న ఒత్తిడి. పరుగులోనూ ఫుట్‌బాల్‌లోనూ బరువంతా కాళ్లు మోస్తాయి. జిమ్నాస్టిక్స్‌లో చేతులే కాళ్లవుతాయి. కార్ట్‌వీల్ వేసినా, హ్యాండ్‌స్ప్రింగ్ చేసినా, వాల్ట్ బల్లను తాకి ఎగిరినా ఒంటి బరువును మించిన భారం ఆ చిన్న మణికట్ల మీద పడుతుంది. పెద్దవారి గట్టి ఎముక తట్టుకునే భారాన్ని ఇంకా గట్టిపడని ఎముక అన్నిసార్లు తట్టుకోలేదు.

మేము వెళ్లే అకాడమీ పేరు ఇక్కడ రాయడం లేదు. మా కోచ్ సార్ కఠినులే గాని చెడ్డవారు కారు. గంటలు ఎక్కువవుతున్నాయేమో అని ఒకసారి అడిగితే, "మొక్కై వంగనిది మానై వంగునా అమ్మా" అన్నారు. ఆ సామెత ముందు నేను మారుమాట్లాడలేకపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే, చిన్ననాడే వంచమని ఆ సామెత చెప్పింది గాని రోజుకు ఎన్ని గంటలు వంచాలో చెప్పలేదు. నా తప్పూ లేకపోలేదు. ఉదయం శిక్షణ మొదట మా ప్యాకేజీలో లేదు. తోటి పిల్ల జిల్లా పోటీల్లో పతకం తెచ్చుకుందని విని, అదనంగా ఫీజు కట్టి చేర్పించింది నేనే.

పాప విశ్రాంతిలో ఉన్న రోజుల్లో దొరికినంత చదివాను. అమెరికాలోని షికాగోలో వైద్యుడు నీరూ జయంతి, ఆయన సహచరులు 7 నుంచి 18 ఏళ్ల మధ్య వయసున్న 1,200 మందికి పైగా బాల క్రీడాకారులను పరిశీలించి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారానికి తమ వయసు సంఖ్యను మించిన గంటలు ఆటలో గడిపే పిల్లలకు, అధిక శ్రమ వల్ల వచ్చే తీవ్రమైన గాయాలు ఎక్కువగా కనిపించాయని అందులో తేలింది. ఈ లెక్కన ఎనిమిదేళ్ల పిల్లకు వారానికి 8 గంటలు హద్దు కాగా, మా క్యాలెండరులో దానికి మూడింతలు ఉంది. అది అన్ని ఆటల పిల్లలనూ కలిపి చేసిన అధ్యయనమనీ, జిమ్నాస్టిక్స్‌కు మిగతా ఆటల కన్నా చిన్న వయసులో మొదలుపెట్టవలసిన అవసరం ఉందనీ కోచ్‌లు అనవచ్చు. ఆ వాదనలో నిజముంది. అయితే త్వరగా మొదలుపెట్టడం వేరు, మొదలుపెట్టిన నాటి నుంచే పెద్దల గంటలు చేయించడం వేరు.

అంత తొందర ఎందుకన్నది నాకు ఇప్పటికీ అర్థం కాదు. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రొమేనియా జిమ్నాస్ట్ నాదియా కొమనేచి పదికి పది మార్కులు తెచ్చుకున్నప్పుడు ఆమె వయసు 14. ఈనాడు ఆ వయసు వారిని ఒలింపిక్స్‌కు రానివ్వరు. 1997 నుంచి మహిళల సీనియర్ పోటీలకు ఆ ఏడాదిలో 16 నిండడం తప్పనిసరి. మన దేశానికి పేరు తెచ్చినవారిని చూసినా సంగతి తెలుస్తుంది. మన హైదరాబాదుకు చెందిన బుద్దా అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్ కాంస్యం గెలిచినప్పుడు ఆమెకు 22 ఏళ్లు. 2016లో రియో ఒలింపిక్స్‌లో 0.150 పాయింట్ల తేడాతో పతకం చేజారి నాలుగో స్థానంలో నిలిచినప్పుడు దీపా కర్మాకర్‌కు 23 ఏళ్లు, 2024లో తాష్కెంట్‌లో ఆసియా చాంపియన్ అయినప్పుడు 30 ఏళ్లు. ఉజ్బెకిస్తాన్‌కు చెందిన ఒక్సానా చుసోవితినా టోక్యో ఒలింపిక్స్‌లో పాల్గొన్నప్పుడు 46 ఏళ్లు. మా అమ్మాయి సీనియర్ పోటీలో అడుగు పెట్టాలంటే ఇంకా కనీసం ఏడెనిమిదేళ్లు ఆగాలి. ఆనాటికి పనికివచ్చే మణికట్టు ఉండాలి కదా.

చట్టం ఏమంటున్నదో కూడా మీ దృష్టికి తేదలచాను. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం ప్రకారం 'కళాకారులు'గా పనిచేసే పిల్లలలో క్రీడాకారులు కూడా ఉన్నారు. 2017లో మార్చిన నిబంధనలలో పోటీలకు తీసుకునే శిక్షణను సైతం ఆ పరిధిలోకి తెచ్చి, రోజుకు 5 గంటలు మించరాదని, విరామం లేకుండా 3 గంటలు దాటరాదని రాశారు. షూటింగుల్లో నటించే పిల్లలకు ఇది మేలు చేసే నిబంధన. జిమ్నాస్టిక్స్ హాలుకు వచ్చేసరికి అదే నిబంధన, వారానికి ఆరు రోజులు వేసుకుంటే, ఏడేళ్ల పిల్లకు 30 గంటలు చేయించినా తప్పు పట్టలేనిదిగా మారుతుంది. ఇంకో లెక్క కూడా వేశాను. వారానికి 24 గంటల చొప్పున 48 వారాలకు 1,152 గంటలవుతాయి. విద్యా హక్కు చట్టం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం ఉండాలన్న బోధన సమయం 800 గంటలు. అంటే మా అమ్మాయికి బడి కన్నా శిక్షణే పెద్ద బడి అయింది.

గంటలు తగ్గిస్తే నేర్చుకోవడం తగ్గుతుందని భయపడే తల్లిదండ్రులకు నేను చూసిన విషయం ఒకటి చెబుతాను. హాలు బయట బెంచీ మీద కూర్చుని ఒక సాయంత్రం గంటసేపు లెక్కపెట్టాను. పద్దెనిమిది మంది పిల్లలకు ఒక్క బీమ్ (మీద నిలబడి విన్యాసాలు చేసే సన్నని దూలం), ఒక్క కోచ్. ఆ గంటలో మా అమ్మాయి వంతు ఆరుసార్లు వచ్చింది. మిగతా సమయమంతా వరుసలో నిలబడటం, లేదా మూలన చేతుల మీద నిలబడే అభ్యాసం. ఆ మూలన గడిచిన నిమిషాలే మణికట్టును తిన్నాయని నా అనుమానం. పిల్లల సంఖ్య సగం చేసి గంటలూ సగం చేస్తే, బీమ్ మీద ఆమెకు వచ్చే వంతులు ఒక్కటి కూడా తగ్గవు.

కాబట్టి నా విన్నపం ఇది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు వారపు శిక్షణ గంటలు వారి వయసు సంఖ్యను మించరాదని మీ శాఖ ఉత్తర్వు ఇవ్వాలి. ఆ లెక్కలో వ్యాయామం, స్ట్రెచింగ్, ఒంటి బలం పెంచే కండిషనింగ్ అన్నీ కలవాలి, లేకపోతే 'అది శిక్షణ కాదు, వార్మప్' అన్న మాటతో గంటలు మళ్లీ పెరుగుతాయి. పదేళ్ల లోపు వారికి రోజుకు రెండు పూటల శిక్షణ ఉండకూడదు, వారంలో కనీసం ఒకరోజు పూర్తి సెలవు ఉండాలి, వేసవి శిబిరాల పేరుతో గంటలు రెట్టింపు చేయకూడదు. నెలకోసారి ఎత్తు కొలిచి, పిల్ల ఒక్కసారిగా ఎదుగుతున్న నెలల్లో చేతుల మీద, నడుము మీద భారం తగ్గించాలి. నొప్పి అన్న పిల్లను మళ్లీ హాలులోకి పంపాలా వద్దా అన్నది కోచ్ గాని, నాలాంటి తల్లి గాని కాక వైద్యుడే నిర్ణయించాలి. పన్నెండు దాటిన తరువాత ఎన్ని గంటలన్నది నేను చెప్పగలిగిన మాట కాదు. దానికి క్రీడా వైద్యులతో, అనుభవమున్న కోచ్‌లతో, ఆడి నిలిచిన క్రీడాకారిణులతో ఒక చిన్న సంఘం వేయండి.

నాలుగో తరగతి నుంచే పిల్లలను చేర్చుకునే హకీంపేట క్రీడా పాఠశాలలో దీన్ని మొదట అమలు చేయవచ్చు. ఆపైన, ప్రభుత్వ స్టేడియాల్లో హాలు వాడుకునే ప్రతి అకాడమీ ప్రతి పిల్ల పేరు ఎదుట వారపు గంటలు రాసిన పట్టికను తలుపు దగ్గర అంటించాలన్న షరతు పెడితే, దానికి ఖర్చు ఒక కాగితమే.

మా అమ్మాయి మే నెలలో మళ్లీ హాలుకు వెళుతుంది. వారానికి 8 గంటలే పంపుతానని చెప్పాను. అలాగైతే పోటీ బృందంలో చోటు కష్టమని అకాడమీ వారు చెప్పారు. తొమ్మిది నెలల క్యాలెండరు కాగితాల నకళ్లు ఈ లేఖకు జతచేస్తున్నాను. ఎడమవైపు ఉన్న అంకెలు పాలవి, కుడివైపు ఉన్నవి గంటలు.

భవదీయురాలు,
ఒక బాల జిమ్నాస్ట్ తల్లి,
హైదరాబాదు