పట్టికలు నింపితే న్యూమరికల్ మెథడ్స్ వచ్చేసినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

బీటెక్, బీఎస్సీ విద్యార్థుల్లో న్యూమరికల్ మెథడ్స్‌కు (కచ్చితంగా తేల్చడం కష్టమైన లెక్కలకు అంకెలతో దగ్గరి జవాబు కట్టే పద్ధతులు) మార్కులు తేలిగ్గా వచ్చే పేపరని పేరు. బైసెక్షన్, న్యూటన్-రాఫ్సన్, లగ్రాంజ్, సింప్సన్, రుంగె-కుట్టా... ఏ పద్ధతైనా సూత్రం గుర్తుంచుకుని, కాలిక్యులేటర్‌తో నాలుగు వరుసల పట్టిక నింపితే గట్టెక్కేయవచ్చు. ఆ పద్ధతి ఎక్కడ బెడిసికొడుతుంది, వచ్చిన జవాబులో ఎన్ని అంకెలు నమ్మవచ్చు అన్నది ప్రశ్నపత్రంలో కనిపించడం అరుదు. ఈ సబ్జెక్టు పుట్టిందే ఆ రెండు ప్రశ్నల కోసం.

హైస్కూల్లో నేర్చిన వర్గ సమీకరణ సూత్రాన్నే తీసుకుందాం. రెండు మూలాల మొత్తం 10 కోట్లు, లబ్ధం 1 అనుకోండి. చిన్న మూలం దాదాపు 0.00000001 రావాలి. సూత్రాన్ని ఉన్నదున్నట్టు డబుల్ ప్రెసిషన్‌లో (కంప్యూటర్ ఒక్కో సంఖ్యకు సుమారు 16 అంకెలు ఉంచుకునే తీరు) ప్రోగ్రాం రాస్తే 0.00000000745 వస్తుంది. పాతిక శాతం తప్పు! దాదాపు సమానమైన రెండు పెద్ద సంఖ్యలను తీసివేసినప్పుడు, ఉన్న 16 అంకెల్లో సరైనవన్నీ కొట్టుకుపోయి చివరి రౌండింగ్ చెత్తే మిగులుతుంది. పెద్ద మూలాన్ని సూత్రంతో కట్టి, 1ని దానితో భాగిస్తే చిన్నది సరిగ్గా దొరుకుతుంది.

మారే రేటును బట్టి తర్వాతి విలువను అడుగడుగునా కట్టుకుంటూ పోయే ఆయిలర్ పద్ధతిదీ ఇదే కథ. వై మారే రేటు మైనస్ 50 వై, మొదటి విలువ 1, స్టెప్ (ఒక్కో అడుగు పొడవు) 0.1 అనుకుందాం. అసలు జవాబు చకచకా సున్నాకు పడిపోవాలి. పట్టికలో మాత్రం 1, -4, 16, -64 అని పేలిపోతుంది. కూడికలో తప్పు చేశామేమోనని విద్యార్థి మళ్లీ మళ్లీ లెక్కేసుకుంటాడు. లెక్క తప్పలేదు, స్టెప్ 0.04 కన్నా తక్కువ ఉండాలి, అంతే. అడుగు చివరనున్న రేటును తీసుకునే బ్యాక్‌వర్డ్ ఆయిలర్ వాడితే అదే 0.1 స్టెప్‌తో ప్రతిసారీ ఆరో వంతుకు తగ్గుతూ దారిలోనే ఉంటుంది.

అంచనాను సవరించుకుంటూ ఫంక్షన్ సున్నా అయ్యే చోటును వెతికే న్యూటన్-రాఫ్సన్‌కు ప్రారంభ విలువే ప్రాణం. ఎక్స్ ఘనం మైనస్ 2 ఎక్స్ ప్లస్ 2 అనే ఫంక్షన్‌కు 0తో మొదలుపెడితే 1, మళ్లీ 0, మళ్లీ 1 అంటూ అక్కడక్కడే తిరుగుతుంది. -2తో మొదలుపెడితే -1.8, -1.76995 మీదుగా -1.7693కు చేరుతుంది.

పరీక్ష రాసేవారికి ఒక మాట: కాస్ ఎక్స్, ఎక్స్ ఈ పవర్ ఎక్స్ సమానమయ్యే మూలం 0.5178. మీకు 0.567 వచ్చిందంటే పద్ధతిని అనుమానించకండి. కాలిక్యులేటర్ డిగ్రీలలో ఉంది, రేడియన్లకు మార్చండి.

ల్యాబ్‌లో ప్రతి ప్రోగ్రాంకూ ఒక పరీక్ష తప్పనిసరి చేయాలి. స్టెప్‌ను సగం చేస్తే దోషం ఇంటిగ్రేషన్‌కు వాడే ట్రెపిజాయిడల్‌లో నాలుగో వంతుకు, సింప్సన్‌లో పదహారో వంతుకు, ఆయిలర్‌లా అవకలన సమీకరణాలకు వాడే నాలుగో ఆర్డర్ రుంగె-కుట్టాలోనూ పదహారో వంతుకు తగ్గాలి. అలా తగ్గలేదంటే ప్రోగ్రాంలో తప్పుండాలి, లేదా ఫంక్షన్ నునుపుగా ఉండి ఉండదు. ఉదాహరణకు ఎక్స్ వర్గమూలాన్ని 0 నుంచి 1 వరకు ఇంటిగ్రేట్ చేస్తే, సున్నా దగ్గర వాలు అనంతం కాబట్టి సింప్సన్‌లో కూడా దోషం 2.8 రెట్లే తగ్గుతుంది. సూత్రం ఎంత ఘనమైనదైనా అక్కడ దాని బలం పనిచేయదు. ఈ ఒక్క తనిఖీ చాలు, సిలబస్‌లో సగం అర్థం తెలిసిపోతుంది.

ఈ ప్రోగ్రాంలు రాసుకునే పైథాన్, ఆక్టేవ్ రెండూ ఉచితమే, పాత కంప్యూటర్లలోనూ నడుస్తాయి. కాబట్టి ఖర్చు సాకు చెల్లదు. సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులు ప్రతి యూనిట్ నుంచి కనీసం ఒక ప్రశ్నలోనైనా తప్పు జవాబున్న పట్టికనిచ్చి, ఎందుకు తప్పిందో, ఎలా సరిచేయాలో రాయమనాలి. అలాంటి ప్రశ్నకు మోడల్ పేపర్లో పది మార్కులు కేటాయిస్తే, వచ్చే సెమిస్టర్ నుంచి గైడ్లు కూడా దారికొస్తాయి.

- ఒక గణిత అధ్యాపకుడు, హనుమకొండ