ఆపాల్సింది ప్రోటీన్‌ను కాదు

సంపాదకుడు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆరోగ్యం పేజీలో 'ప్రోటీన్‌కు అడ్డుకట్ట వేస్తే క్యాన్సర్‌కు చెక్' అని ఒక వార్త వేశారు. అది మా ఇంట్లో ఏం చేసిందో మొన్న ఆదివారం పరకాల పోయేదాకా నాకు తెలియలేదు.

మా వదినకు మల్టిపుల్ మైలోమా, అంటే ఎముక మూలుగలో వచ్చే క్యాన్సర్. బోర్టెజోమిబ్ ఇంజెక్షన్లు నడుస్తున్నాయి. కిడ్నీలు బాగానే ఉన్నాయి కాబట్టి గుడ్లు, పప్పు, పెరుగు తప్పకుండా తినమని డాక్టరు చెప్పారు. నేను పోయేసరికి ఆమె ఉత్త చారన్నం తింటోంది. కోడలు ఒలిచి పెట్టిన గుడ్డు గిన్నెలో అట్లాగే ఉంది. ఇదేమిటంటే రిపోర్టుల ఫైల్లోంచి మీ పేపరు ముక్క తీసి చూపించింది. "ప్రోటీన్ ఆపితె రోగం ఆగుతదని రాసిండ్రు కద తమ్మీ, అందుకే పప్పు, గుడ్డు బంద్ జేసిన" అంది. పన్నెండు రోజుల నుంచి ఇదే తిండి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి.

నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పినవాణ్ణి. మీ వార్తలోని పరిశోధకులు ఆపాలని చూస్తున్నది ప్రోటీన్‌ను కాదయ్యా, ప్రోటియేజ్‌ను! ప్రోటీన్‌ను కత్తిరించే ఎంజైమ్ అది. కణాల చుట్టూ కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల అల్లిక ఒకటి ఉంటుంది. దాన్ని ఇలాంటి ఎంజైమ్‌లతో కోసుకుంటూ క్యాన్సర్ కణం పక్కకు పాకుతుంది. కత్తెర రెండు అలుగుల నడుమ మేకు ఇరికితే గుడ్డ తెగదు కదా, నిరోధకం, అంటే ఎంజైమ్‌ను ఆపే పదార్థం, చేసే పని అదే. ఎంజైమ్ కోసే చోటుకు పోయి కూర్చుంటుంది. మన శరీరం తానే తయారు చేసుకునే టింప్ అనే నిరోధకాలు నాలుగున్నాయి. అవి కూడా ప్రోటీన్లే!

ఈ కత్తెరలు క్యాన్సర్ సొత్తు కూడా కాదు. కొల్లాజెన్‌ను కోసే ఎంజైమ్‌ను 1962లో మొదట పట్టుకున్నది తోకకప్ప తోకలో. కప్పగా మారేటప్పుడు ఆ తోక కరిగిపోయేది దానివల్లనే. మన గాయాలు మానడానికీ ఇవి కావాలి. అందుకే అన్నిటినీ కలిపి ఆపబోయిన మరిమాస్టాట్ లాంటి మందులు పరీక్షల్లో నిలబడలేదు. రోగులకు కీళ్ల నొప్పులు మిగిలాయి, ఆయుష్షు పెరగలేదు. ఈ ముక్క మీ వార్తలో ఎక్కడా లేదు.

మా వదిన తీసుకునే మందు వేరే దారిలో పనిచేస్తుంది. కణం లోపల పనికిరాని ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాజోమ్ అనే యంత్రం ఉంటుంది, దాన్ని ఆపుతుంది. మైలోమా కణాలు ప్రోటీన్‌ను కుప్పలుగా తయారు చేస్తాయి కాబట్టి ఆ చెత్త పేరుకుని అవే ముందు చస్తాయి. అమెరికాలో 2003లోనే అనుమతి వచ్చిన మందు ఇది. పళ్లెంలో పప్పుకూ దీనికీ సంబంధం లేదు.

ఊళ్లో కాకతీయ యూనివర్సిటీ ఉంది, 1959 నుంచి మెడికల్ కాలేజీ ఉంది. అచ్చు వేసే ముందు ఎవరికైనా ఒక్క ఫోన్ చేస్తే ఏం పోయేది? జిల్లా పేజీలో నాయకుల పుట్టినరోజు ఫొటోలకు అరపేజీ దొరుకుతుంది, సైన్స్ వార్త సరిచూడటానికి మనిషి దొరకడా? అధికారులూ తక్కువ తినలేదు. వదిన పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ పోయి ఇంజెక్షన్ చేయించుకుని రాత్రికి వస్తుంది. ఇక్కడ ఏం తినాలో, ఏం తినకూడదో కూర్చోబెట్టి చెప్పే దిక్కు లేదు. అందుకే జనం పేపర్లో వచ్చిందే డాక్టరు మాట అనుకుంటున్నారు. పిల్లలకు ఎంజైమ్ పేర్లు బట్టీ పట్టించి మార్కులు వేసిన మా తరం లెక్చరర్ల తప్పు కూడా ఇందులో ఉంది, కాదనను.

సవరణ వేయండి. లోపలి పేజీ మూలన చిన్న అక్షరాల్లో కాదు, అదే పేజీలో, అంతే పెద్ద హెడ్డింగుతో. నేనెంత చెప్పినా వదిన "మల్ల పేపర్ల వస్తె తింట" అంటోంది. అచ్చయిన రోజు ఆ పేపరు పట్టుకుని పొద్దున్నే పరకాల బస్సెక్కుతాను.

- రిటైర్డ్ జువాలజీ లెక్చరర్, హన్మకొండ