గాట్లిన్‌బర్గ్ దాకా వెళ్లేవాళ్లు చెరోకీలో ఒక రోజు ఆగండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మేము ఉండేది జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకు ఉత్తరాన ఉన్న ఫోర్సిత్ కౌంటీలో. ఇక్కడ తెలుగు కుటుంబాలు ఎంతగా పెరిగాయో మీ ప్రవాస పేజీ చదివేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. వేసవి వస్తోందంటే ఆంధ్ర నుంచి, తెలంగాణ నుంచి అమ్మానాన్నలు దిగుతారు, బడులకు సెలవులివ్వగానే మూడు నాలుగు కుటుంబాలు కలిసి ఒక పెద్ద క్యాబిన్ అద్దెకు తీసుకుని, రైస్ కుక్కర్‌తో సహా సర్దుకుని స్మోకీ మౌంటెన్స్‌కు బయల్దేరతాయి. ఈ ఉత్తరం ఆ ప్రయాణం గురించే. నేను ఇక్కడి పిల్లలకు చెబితే "చూద్దాం ఆంటీ" అంటారు, అదే మాట అక్కడ పత్రికలో చదివి నాన్నగారు ఫోన్లో చెబితే మాత్రం ప్లాన్ మారుతుంది. అందుకే మీకు రాస్తున్నాను.

ఇంచుమించు అందరూ వెళ్లేది కొండకు అవతల, టెనెసీ వైపు ఉన్న గాట్లిన్‌బర్గ్, పిజన్ ఫోర్జ్‌లకే. మా వైపు నుంచి 441 రోడ్డు మీద వెళ్లేవాళ్లకు నార్త్ కరొలైనాలో కొండ ఎక్కే ముందు చెరోకీ అనే ఊరు తగులుతుంది. అక్కడ పెట్రోలు పోయించుకుని, కాఫీ తాగి, దుకాణాల ముందు రెండు ఫొటోలు దిగి కారెక్కేస్తారు. నాకు బాధ కలిగించేది అదే. పెద్దవాళ్లూ పసిపిల్లలూ ఉన్న గుంపుకు ఆ కొండల్లో ఇంతకంటే అనువైన ఊరు లేదని నా గట్టి నమ్మకం. పిజన్ ఫోర్జ్‌లోని డాలీవుడ్ అనే వినోద పార్కు వద్దనడం లేదు, పిల్లలు అడుగుతారు, తీసుకెళ్లండి. మూడు రోజుల ప్రయాణంలో ఒక్క పూర్తి రోజు, వీలైతే ఒక రాత్రి కూడా, చెరోకీకి ఇమ్మని అడుగుతున్నాను.

ముందు ఆ ఊరేమిటో చెప్పాలి. ఓకనలఫ్టీ అనే నది ఒడ్డున, స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కుకు దక్షిణపు గుమ్మంలో ఉంటుంది. ఆ నేలను క్వాలా బౌండరీ అంటారు, సుమారు 56 వేల ఎకరాలు. చాలామంది దాన్ని ప్రభుత్వం ఇచ్చిన రిజర్వేషన్ అనుకుంటారు, కాదు, 19వ శతాబ్దంలో చెరోకీలు అనే అమెరికా మూలవాసులు తమ డబ్బుతో కొనుక్కున్న భూమి అది, తర్వాత ఫెడరల్ ప్రభుత్వం దాన్ని ట్రస్టు కింద ఉంచింది. తమ సొంత నేలనే ఎందుకు కొనుక్కోవాల్సి వచ్చిందంటే, 1830లో అమెరికా కాంగ్రెస్ ఇండియన్లను మిసిసిపీ నదికి పడమటికి పంపించే చట్టం చేసింది, 1838, 1839ల్లో సైన్యం దాదాపు 16 వేలమంది చెరోకీలను ఇళ్లలోంచి లాగి ఇప్పటి ఓక్లహోమాకు తరలించింది, దారిలో చలికీ జబ్బులకూ నాలుగు వేలమంది దాకా చనిపోయారని అంచనా. కొండల్లో దాక్కున్నవాళ్లూ, అప్పటికే వేరే ఏర్పాటు మీద ఇక్కడ ఉండిపోయినవాళ్లూ కలిసి ఈస్టర్న్ బ్యాండ్ అనే తెగ అయ్యారు. ఇవాళ మీరు ఆ ఊళ్లో చూసే మనుషులు వాళ్ల మునిమనవలు.

ఇందులో మనకు సంబంధం లేదనుకోకండి. మేముండే ఫోర్సిత్, పక్కనే ఉన్న చెరోకీ కౌంటీ, ఇవన్నీ వాళ్ల భూములే. 1829లో జార్జియాలోనే ఉన్న డలానెగా అనే ఊరి దగ్గర బంగారం కోసం జనం ఎగబడ్డారు, 1832లో జార్జియా రాష్ట్రం ఆ భూములను లాటరీ వేసి తెల్లవాళ్లకు పంచేసింది, వాటి సొంతదార్లు ఇంకా అక్కడే కాపురం ఉండగానే. ఇప్పుడు ఆ నేల మీదే మన ఇళ్లు, మన గుళ్లు, మన కిరాణా కొట్లు ఉన్నాయి. మన పిల్లలు ఇక్కడే పుట్టి పెరుగుతున్నారు కాబట్టి ఈ సంగతి వాళ్లకు తెలియాలి, అది చెప్పడానికి ఆ ఊరికంటే మంచి చోటు లేదు.

ఇక గుంపుగా వెళ్లేవాళ్లకు పనికొచ్చే మాటలు.

పొద్దున్నే మ్యూజియం ఆఫ్ ది చెరోకీ పీపుల్‌తో మొదలుపెట్టండి. 1948లో పెట్టిన మ్యూజియం ఇది, 2023లో ఇప్పటి పేరు పెట్టుకుంది. లోపల చల్లగా ఉంటుంది, నేల చదునుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మలు నెమ్మదిగా నడుస్తూ చూడొచ్చు. బయట సెకోయా అనే ఆయన తల, పెద్ద చెక్క శిల్పం ఉంటుంది, గ్రూప్ ఫొటో దిగాలంటే అక్కడ దిగండి. ఆయన గురించి పిల్లలకు తప్పకుండా చెప్పండి. అప్పటికి ఏ భాషలోనూ చదవడం రాయడం రాని మనిషి, తన భాషకు లిపి లేదని ఏళ్ల తరబడి కూర్చుని 1821 నాటికి ఒక లిపి తయారుచేశాడు. ఇప్పుడు వాడుకలో ఉన్నవి 85 అక్షరాలు, ఒక్కో అక్షరానికి ఒక్కో పలుకు. ఇక్కడి తెలుగు బడి అయిన మనబడిలో గుణింతాలు నేర్చుకుంటున్న పిల్లలకు ఇది వెంటనే ఎక్కుతుంది, ఇంగ్లీషు స్పెల్లింగుల్లా కాకుండా రాసింది రాసినట్టు చదవొచ్చు కదా. ఆ లిపి వచ్చిన కొన్నేళ్లలోనే జనం చదవడం నేర్చేశారు, 1828లో అప్పటి చెరోకీల రాజధాని న్యూ ఎచోటా నుంచి చెరోకీ ఫీనిక్స్ అనే పత్రిక కూడా వచ్చింది, అటు చెరోకీ, ఇటు ఇంగ్లీషు, రెండు భాషల్లో. అమెరికాలో మూలవాసుల మొదటి పత్రిక అది. 1835లో జార్జియా గార్డు సైనికులు ఆ ప్రెస్సును పట్టుకుపోయారు. పత్రిక నడిపేవారు కాబట్టి అది ఎంత పెద్ద దెబ్బో మీకు నేను చెప్పక్కర్లేదు.

చెరోకీ ఊళ్లో వీధి బోర్డుల మీద ఆ లిపి ఇప్పటికీ కనిపిస్తుంది. కానీ ఆ భాష ధారాళంగా మాట్లాడేవాళ్లు చాలా తక్కువమంది మిగిలారు, వాళ్లలో ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లే. 2019లో మూడు చెరోకీ తెగలూ కలిసి తమ భాషకు అత్యవసర పరిస్థితి ప్రకటించాయి. పసిపిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పే న్యూ కిటువా అకాడమీని ఈస్టర్న్ బ్యాండ్ నడుపుతోంది. ఇంట్లో తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్లలున్న మనం ఈ సంగతి విని ఊరికే ఉండలేం.

మ్యూజియానికి రోడ్డు దాటితే క్వాలా ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉంటుంది. 1946లో పెట్టారు, మన చేనేత సహకార సంఘాల్లాగే పనివాళ్లే సభ్యులు. అక్కడి బుట్టలు చూడండి. ఏటి ఒడ్డున పెరిగే రివర్ కేన్ అనే వెదురు జాతి గడను, లేదా తెల్ల ఓక్ చెక్కను సన్నగా చీల్చి, బ్లడ్‌రూట్ వేళ్లతోనూ నల్ల వాల్‌నట్‌తోనూ రంగులద్ది అల్లుతారు. మంచి బుట్టకు వందల డాలర్లుంటాయి, "ఇంతా?" అని మొహం మీదే అనకండి, బేరమాడకండి. రివర్ కేన్ ఇప్పుడు సులభంగా దొరకడం లేదు, దాన్ని కోసి, చీల్చి, రంగు వేసి, అల్లేసరికి ఎన్ని రోజుల చాకిరో. అంత పెట్టలేకపోతే పూసల పనీ చిన్న చెక్క బొమ్మలూ ఉంటాయి. మీరిచ్చే డబ్బు చేసినవాళ్ల చేతికి వెళుతుంది.

ఇక్కడే ఒక గట్టి మాట. రోడ్డు పక్కన కొన్ని దుకాణాల ముందు గుడారం, పెద్ద ఈకల కిరీటం కనబడతాయి. మనవాళ్లు పిల్లల తల మీద ఆ ఈకలు పెట్టి ఫొటోలు తీసి గ్రూపుల్లో పంచుకుంటారు. ఆ గుడారాలూ ఆ కిరీటాలూ ఎక్కడో పడమటి మైదానాల తెగలవి. చెరోకీలు మట్టి గోడల ఇళ్లలో, తర్వాత దుంగల ఇళ్లలో బతికిన వ్యవసాయదారులు. సినిమాల్లో చూసిందే కావాలని టూరిస్టులు అడిగితే, వేరే పని దొరకని రోజుల్లో ఇక్కడివాళ్లు కొందరు ఆ వేషం కట్టి పొట్టపోసుకున్నారు, వాళ్లను నేను తప్పుపట్టను. అడిగే జనం ఆగితే అదీ ఆగుతుంది. మన పండగను ఎవరో ఏదో వేషం వేసి ఆడిస్తే మనకెలా ఉంటుందో ఒక్క క్షణం ఆలోచించండి.

మ్యూజియం పక్క రోడ్డులోంచి కొండ మీదికి కాస్త దూరం వెళితే ఓకనలఫ్టీ ఇండియన్ విలేజ్, మౌంటెన్‌సైడ్ థియేటర్ రెండూ ఉంటాయి. 1952లో తెరిచిన ఆ విలేజ్‌లో 18వ శతాబ్దపు చెరోకీ ఊరును కట్టి చూపిస్తారు, గైడ్ గుంపును వెంటబెట్టుకుని తిప్పుతారు. దుంగను నిప్పుతో కాల్చి తొలిచి పడవ చేయడం, గొట్టంలోంచి ఊది బాణం వదలడం, వేళ్లతో నాడాలు అల్లడం, ఏడు వంశాలకు ఏడు వైపులున్న సభామందిరం, ఇవన్నీ మా గుంపులో అయిదేళ్ల పిల్ల నుంచి డెబ్బై దాటిన మామయ్యగారి దాకా కదలకుండా చూశారు. ఆయన అయితే నాగలి లేకుండా దున్నడం ఎలా అని ఆ గైడ్‌ను పట్టుకుని వదల్లేదు. దారి అడవిలో ఎగుడుదిగుడుగా ఉంటుంది, మంచి చెప్పులు వేసుకోండి. రాత్రి థియేటర్‌లో ఆకాశం కింద నాటకం, 1950 నుంచి ఆడుతున్నారు, వాళ్ల కథ అంతా అందులో ఉంటుంది. కొండగాలి చల్లగా కొడుతుంది, పెద్దవాళ్లకు శాలువాలు మరిచిపోకండి. ఈ రెండూ ఏడాది పొడుగునా ఉండవు, వారంలో సెలవు రోజులూ ఉంటాయి, తేదీలు చూసుకున్నాకే క్యాబిన్ బుక్ చేసుకోండి. చాలామంది ముందు క్యాబిన్ కొని తర్వాత ఇవి మూసి ఉన్నాయని టెన్షన్ పడతారు.

మధ్యాహ్నం భోజనానికి ఊరి మధ్యలో నది లంక మీదే ఒక పార్కు ఉంది, ఓకనలఫ్టీ ఐలాండ్స్ పార్క్. బల్లలున్నాయి, వెదురు పొదల నీడ ఉంది, పిల్లలు కాళ్లు తడుపుకోవడానికి లోతు లేని నీళ్లున్నాయి, టికెట్ లేదు. పులిహోర, పెరుగన్నం తెచ్చుకున్నవాళ్లకు ఇంకేం కావాలి. దయచేసి స్పీకర్లు పెట్టి ఊరంతా వినిపించకండి, విస్తళ్లూ మిగిలిన అన్నం నది ఒడ్డున వదలకండి, తిండి వాసనకు ఎలుగుబంట్లు వస్తాయి. దొరికితే బీన్ బ్రెడ్ రుచి చూడండి, మొక్కజొన్న పిండిలో బీన్స్ గింజలు కలిపి ఆకుల్లో చుట్టి ఉడకబెడతారు. శాకాహారులు కొవ్వు ఏమైనా కలిపారేమో అడిగి తినడం మంచిది.

జలపాతం కావాలంటే మింగో ఫాల్స్, 120 అడుగుల ఎత్తు. తెగ భూమిలో ఉంది కాబట్టి నేషనల్ పార్కులో బండి ఆపడానికి కొనాల్సిన పార్కింగ్ ట్యాగ్ ఇక్కడ అక్కర్లేదు. కానీ 160కి పైగా మెట్లు ఎక్కాలి, పెద్దవాళ్లను బలవంతపెట్టకండి. రాళ్ల మీదికి ఎక్కి సెల్ఫీలు మాత్రం వద్దు. అమెరికాలో నీళ్ల దగ్గర ప్రాణాలు పోగొట్టుకున్న మన విద్యార్థుల వార్తలు మీ పత్రికలోనే ఎన్ని చదివాం.

సాయంత్రం నేషనల్ పార్కు గుమ్మంలో ఉన్న ఓకనలఫ్టీ విజిటర్ సెంటర్ మైదానాల్లో ఎల్క్‌లు మేతకు వస్తాయి, మన కణుజు కంటే పెద్ద జింకలు. ఇక్కడ పూర్తిగా అంతరించిపోతే 2001లో మళ్లీ తెచ్చి వదిలారు. 150 అడుగుల దూరంలో ఉండాలని చట్టం. సెప్టెంబరు, అక్టోబరుల్లో మగవి మరీ కోపంగా ఉంటాయి, కారు దగ్గరే నిలబడి చూడండి. పార్కుకు ప్రవేశ రుసుం లేదు, కానీ 15 నిమిషాలకు మించి బండి ఆపితే ట్యాగ్ కావాలి, రోజుకు 5 డాలర్లు, వారానికి 15, బండి బండికీ విడిగా. అయిదు కార్లలో వెళ్లే బదులు ఒక పెద్ద వ్యాన్ తీసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, పార్కింగ్ వెతుక్కునే బాధా తప్పుతుంది. పార్కు లోపల పెట్రోలు బంకులు లేవు, ఫోన్ సిగ్నల్ చాలాచోట్ల రాదు, మ్యాప్ ముందే దించుకోండి.

కొండ మీద ఎత్తయిన శిఖరం 6,643 అడుగులు. దాన్ని అందరూ క్లింగ్‌మన్స్ డోమ్ అనేవాళ్లు. చెరోకీలకు అది ఎప్పుడూ కువోహియే, తెగ అడగగా 2024 సెప్టెంబరులో ప్రభుత్వం అధికారికంగా ఆ పేరు తిరిగి ఇచ్చింది. కారు ఆపే చోటి నుంచే చుట్టూ కొండలు కనిపిస్తాయి. టవర్ దాకా అర మైలే అయినా చాలా నిటారు, నడవలేనివాళ్లు కింద కూర్చున్నా ఏమీ నష్టపోరు. డిసెంబరు నుంచి మార్చి చివరి దాకా ఆ రోడ్డు మూసేస్తారు.

మీకు రెండు విన్నపాలు. మీ పర్యాటక పేజీలో ఈ శిఖరం గురించి వేసినప్పుడు కువోహి అని రాయండి. రెండోది, ఎండాకాలం ప్రయాణాలు మొదలవక ముందే, మార్చి ఏప్రిల్‌లలో, ఈ ఊరి గురించి ఒక పూర్తి పేజీ వేయండి, చెరోకీ లిపి ఫొటోతో సహా. అట్లాంటా, షార్లెట్ తెలుగు సంఘాలవాళ్లు కూడా ఈ ఉత్తరం చూస్తే, ఏటా వేసుకునే పిక్నిక్కుల్లో ఒకటి అక్కడ పెట్టి, మ్యూజియానికి ముందుగా ఫోన్ చేసి గుంపు ఎంతమందో చెప్పి ఏర్పాటు చేసుకోమని కోరుతున్నాను.

ఇట్లు,
ఫోర్సిత్ కౌంటీ, జార్జియా నుంచి మీ పాఠకురాలు