రెండో చెవి ఎందుకంటే

చిట్టితల్లీ,

చెవి మిషన్ డబ్బాలోంచి తీయడమే లేదని మీ చెల్లి చెప్పింది. కుడి చెవి బాగానే ఉందిగా, ఫోన్ వినబడుతోంది, క్లాసులు వినబడుతున్నాయి, ఇంకేం కావాలి అన్నావట. వినబడటం వేరు, ఎటునుంచి వినబడుతోందో తెలియడం వేరమ్మా.

గుంటూరు లాడ్జి సెంటర్‌లో రోడ్డు దాటుతుంటే ఎడమ పక్కన ఆటో హారన్ కొట్టిందనుకో. ఆ శబ్దం ముందు ఎడమ చెవిని చేరి, తల చుట్టూ తిరిగి కుడి చెవికి చేరేసరికి సెకనులో వెయ్యో వంతు కూడా ఆలస్యం కాదు, అయినా మెదడుకు ఆ కాస్త తేడా చాలు, మంచి చెవులున్నవాళ్లు లక్షో వంతు సెకను తేడాని కూడా పసిగట్టగలరని చదివి ఎంత ఆశ్చర్యపోయానో! కీచు శబ్దాలకైతే తలే అడ్డం పడుతుంది, అవతలి చెవికి తగ్గి వినిపిస్తాయి. ఈ రెండు పద్ధతుల గురించీ రేలీ అనే శాస్త్రవేత్త 1907లోనే రాశాడు. పైనా కిందా తేడా చెవి డొప్ప మడతల వల్ల తెలుస్తుంది, అది ఒక చెవితోనూ కొంత నడుస్తుంది. కుడా ఎడమా అన్నదానికి మాత్రం రెండూ కావాలి.

రోడ్డు కంటే నన్ను బాధపెట్టేది ఇంకోటి. పెళ్లి భోజనాల దగ్గర నువ్వు మాట్లాడకుండా కూర్చుంటావు, మనవాళ్లు పొగరనుకుంటారు. నీకు అన్ని గొంతులూ కలిసిపోతున్నాయని నాకు తెలుసు. 1953లో కోలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త, ఒకే మనిషి గొంతుతో చదివిన రెండు పాఠాల్ని కలిపి వినిపిస్తే, విన్నవాళ్లు మళ్లీ మళ్లీ వింటే తప్ప విడదీయలేకపోయారు. అవే చెరో చెవికీ ఒకటి ఇస్తే సులువుగా ఒకదాన్నే పట్టుకున్నారు. గొంతులు విడిపోవడానికి రెండో చెవి అంత ఆసరా.

నీ ఎడమ చెవి పూర్తిగా పోలేదు, తగ్గిందంతే, మిషన్ పనికొస్తుందని డాక్టరుగారు చెప్పారు కదా. పెట్టుకున్న రోజే అన్నీ కుదురుకోవు, గిన్నెల చప్పుడూ ఫ్యాన్ హోరూ చిరాకు పెడతాయి, మెదడు అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. రోజూ కాసేపు ఇంట్లో పెట్టుకుని మొదలుపెట్టు. మిషన్ కనబడుతుందని టెన్షన్ పడకు, కనబడితే కనబడనీ.

శనివారం విజయవాడ వచ్చెయ్, వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టు దగ్గరికి వెళ్లి సౌండు సరిచేయించుకుందాం. ఎక్కడెక్కడ ఇబ్బందిగా ఉందో కాగితం మీద రాసి తీసుకురా.

అమ్మ