లేఖ పాఠం పక్కనే కథ పాఠం

సంపాదకుల వారికి,

చిత్తూరు కలెక్టరేటు దగ్గర సోమవారాల్లో అర్జీలు రాసిపెడుతుంటాను. మా పక్కింటి అమ్మాయి పదో తరగతి. దోమల బెడద గురించి మునిసిపల్ కమిషనరుకు లేఖ రాయమంటే గైడులోది పొల్లు పోకుండా అప్పజెప్పింది. ఏ వీధి, ఏ కాలువ అనడిగితే, "అవి లేకపోయినా మార్కులేస్తారు తాతా" అంది.

2025 మామిడి సీజన్లో తోతాపురికి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు అన్న రోజుల్లో ఒక రైతు వచ్చి, "నాకు న్యాయం చెయ్యమని రాయండి సార్" అన్నాడు. న్యాయం అందరూ అడిగేదే, జరిగింది చెప్పమన్నాను. టోకెన్ ఉన్నా గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టరు కదల్లేదట. అడుగు కాయ మెత్తబడి రసం రోడ్డు మీదికి కారుతుంటే చూస్తూ కూర్చున్నాడట. టోకెన్ నంబరు, తేదీ, టన్నులు, రావాల్సిన డబ్బు రాసి, రసం సంగతి ఒక్క వాక్యంలో పెట్టాను. అధికారి ఆ వాక్యం దగ్గరే ఆగి "ఏ ఫ్యాక్టరీ?" అన్నారట. కాయంతా అమ్ముడైందని ఇంట్లో భార్యకు అబద్ధం చెప్పానని కూడా అన్నాడు ఆ రైతు. అది అర్జీలో పట్టదు. అది కథ.

బడిలో అర్జీనీ కథనూ దేనికది విడిగా చెప్పేస్తున్నారు. 'కన్యాశుల్కం' 1897 ముద్రణకు గురజాడ రాసిన పీఠిక చూడండి. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళను విజయనగరం మహారాజా లెక్క తీయిస్తే 1,034 తేలాయి. వాటిలో ఏడాది పసికందులు ముగ్గురు, ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు. ఆ పీఠిక అచ్చంగా అర్జీయే. పేజీ తిప్పితే నాటకం.

ఫోన్లో వచ్చే 'నిమిషాల్లో లోన్' మెసేజీలు మాటలతో మనిషిని ఎలా లాగుతాయో కూడా క్లాసులో విప్పి చూపించాలి. మా అర్జీల కన్నా నేర్పుగా రాస్తున్నారు ఆ మెసేజీలు పంపేవాళ్ళు!

దామలచెరువులో ఉండి రాసిన మధురాంతకం రాజారాం గారి కథలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆ ఊరి మామిడి మండీకే పిల్లల్ని తీసుకుపోయి, చూసినదాన్ని కలెక్టరుకు అర్జీగా ఒకసారి, కథగా ఒకసారి రాయించండి. పరీక్షలో కూడా ఊరు, తేదీ, ఎవరు ఏం చెయ్యాలన్నది లేని లేఖకు మార్కులు కొయ్యండి. అర్జీలు దిద్దడానికి పిలిస్తే నేనొస్తాను, సోమవారం తప్ప.

- ఒక అర్జీల రాయసగాడు, చిత్తూరు